ఫార్మాట్ కొట్టే ముందు లోపలేముందో అడగండి

మా దాదా దూదేకేవారు. భుజాన విల్లు వేసుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవారు. గట్టిపడిన పరుపులు, ఉండలు కట్టిన దిండ్లు విప్పి, ఆ దూదినే మళ్లీ ఏకి, ఎండకు ఆరబెట్టి, కుట్టి ఇచ్చేవారు. ఏ ఇంట్లో పరుపు విప్పినా కుట్టు తెంపే ముందు ఒక మాట అడిగేవారట: "లోపలేమన్నా దాచుకున్నావా తల్లీ?" అప్పట్లో ఆడవాళ్ల బ్యాంకు పరుపే కదా. మగవాళ్లకు తెలియకుండా దాచిన రూపాయలో, చెవి కమ్మలో అందులోనే ఉండేవి. దాదా ఆ మాట అడిగి, అరుగు మీదకు వెళ్లి అటు తిరిగి కూర్చునేవారు. ఇంటావిడ తన సొమ్ము తీసుకుని "ఇక విప్పండి సాయిబూ" అన్నాకే కుట్టు తెంపేవారు. "పరుపు మనది కాదు, అందులో ఉన్నదీ మనది కాదు. రెండూ అమానతే" అనేవారు.

ఇప్పుడు మన ఇళ్లలో పరుపులు ఏకించేవాళ్లు లేరు. కానీ కంప్యూటర్ స్లో అయినప్పుడల్లా నాకు దాదా యాదికొస్తారు. ఎందుకంటే కంప్యూటర్ కాస్త మొరాయించగానే ఇంట్లో పిల్లలు అనే మొదటి మాట "ఫార్మాట్ కొట్టిద్దాం." దుకాణంలో కుర్రాడు అనే మొదటి మాటా అదే. లోపలేముందో ఎవరూ అడగరు.

నా రాయి ముందే చెప్పేస్తాను. కంప్యూటర్ స్లో కావడం ముసీబత్ కాదు. దానికి జల్దీబాజీలో చేయించే ఇలాజే అసలు ముసీబత్. ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు, మా ఇంట్లో జరిగింది.

మా అబ్బాజాన్ మర్హూమ్ జిన్నింగు మిల్లులో గుమాస్తా. 2003లో ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నారు. మాది తెలుగు మాట్లాడే దూదేకుల ఇల్లు. అబ్బాజాన్ ఉర్దూ చదవడం పెద్దయ్యాక నేర్చుకున్నారు గానీ రాయడం మాత్రం తెలుగులోనే. మిల్లు నుంచి వచ్చి, ఇషా నమాజు తర్వాత ఆ డబ్బా ముందు కూర్చుని, రెండు వేళ్లతో టైపు చేసేవారు. ఏం రాస్తున్నారో మాకు పట్టేది కాదు. అది మా ఖాందాన్ షజ్రా. షజ్రా అంటే అందరూ మగవాళ్ల పేర్లే రాస్తారు. ఆయన పర్చూరు, అద్దంకి, నరసరావుపేట తిరిగి, ముసలమ్మలను కూర్చోబెట్టి, ఆడవాళ్ల పేర్లు కూడా అడిగి రాశారు. ఏ ఆడపిల్లను ఏ ఊరికి ఇచ్చారు, కాన్పులో ఎవరు పోయారు, ఎవరికి ఏ పాట వచ్చు, అన్నీ. దూదేకే పనిలో వాడే మాటలు కూడా ఒక పట్టీగా రాసుకున్నారు. తొమ్మిదేళ్ల మెహనత్. 2012లో ఆయన ఇంతెఖాల్ అయింది.

ఆ తర్వాత కంప్యూటర్ బాగా స్లో అయింది. డిస్కులో జాగా లేదని మా తమ్ముడు ఏవో ప్రోగ్రాములు తీసేశాడు. అయినా బాగుపడలేదు. 2014 ఏప్రిల్లో దుకాణానికి తీసుకెళ్లాం. అదే నెల 8వ తేదీన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. "ఇక ఎక్స్‌పీ పనికిరాదు, సెవెన్ వేద్దాం" అన్నాడు కుర్రాడు. మంచిదే. అబ్బాజాన్ ఫైళ్లు ఒకటి రెండు తెరిచి చూశాడు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, అర్థంకాని గజిబిజి. "వైరస్ తినేసింది అన్నా, ఇందులో ఏం లేదు" అన్నాడు. నేనూ చూశాను. నిజంగానే ఏం లేనట్టు కనిపించింది. ఇజాజత్ ఇచ్చేశాను. సాయంత్రానికి కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. మేం ఖుష్.

2017లో మా చెల్లి షాదీ రుక్కాలు అచ్చు వేయించడానికి గుంటూరు వెళ్లాను. జేబులో అబ్బాజాన్ పాత పెన్ డ్రైవ్ ఉంది. అందులో ఒకే ఒక్క ఫైలు, అదే గజిబిజి. డీటీపీ చేసే పెద్దాయన చూసి నవ్వాడు. "ఇది వైరస్ కాదు భాయ్, అను." ఆ అక్షరాలన్నీ ఎంచి, అను ఫాంటు పెట్టాడు. ఒక్క క్షణంలో తెరమీద తెలుగు వచ్చేసింది. మా పర్దాదీ పేరు, ఆమె చెల్లెళ్ల పేర్లు, పుట్టిన ఊళ్లు. 11 పేజీలు. అబ్బాజాన్ రాసిందాంట్లో మాకు మిగిలింది ఆ 11 పేజీలే. ఆ పేర్లు చెప్పిన ముసలమ్మల్లో అప్పటికి ఒక్కరూ లేరు.

అసలు జరిగిందేమిటంటే, తమ్ముడు జాగా కోసం తీసేసిన ప్రోగ్రాముల్లో అను కూడా ఉంది. యూనికోడ్ రాకముందు నాటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టేవి. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే గజిబిజి. వైరస్ లేదు, ఏమీ లేదు. ఫైళ్లన్నీ సలామత్‌గానే ఉన్నాయి. వాటిని చంపింది మా తెలియనితనం. కుర్రాడి ఖసూర్ కొంత, ఇజాజత్ ఇచ్చిన నా ఖసూర్ అంతకంటే ఎక్కువ.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన ఇళ్లలో, మస్జిద్ కమిటీ గదుల్లో, చిన్న దుకాణాల్లో ఇలాంటి పాత కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. అను లో టైపు చేసిన తెలుగు, ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూ వాటిలో నిద్రపోతున్నాయి.

మొదటి మాట. స్లో అయిందంటే విండోస్ పాడైందని కాదు. హకీం నాడి చూడకుండా మందు ఇవ్వడు కదా. మన వైపు కంప్యూటర్లకు వచ్చే మర్జ్‌లలో సగం దుమ్మువల్లే. మా సందు పక్కనే జిన్నింగు మిల్లు. సీజన్‌లో గాలినిండా దూది నూగు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ దుకాణాల్లో అయితే మిరప దుమ్ము. ఇవి పోయి ఫ్యాన్‌కు, దాని కింద ఉండే లోహపు రెక్కలకు చుట్టుకుంటాయి. గాలి ఆడదు. ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఇక ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఏం లాభం? మే నెల ఎండల్లో మళ్లీ అదే కథ. కరెంటు ప్లగ్గు తీసేసి, మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో దులపండి. ఫ్యాన్ రెక్క గిర్రున తిరక్కుండా వేలితో పట్టుకోండి. మిర్చి దుకాణం వాళ్లయితే ముక్కుకు రుమాలు కట్టుకోవడం మర్చిపోవద్దు!

దుమ్ము దులిపాక కూడా స్లోగా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ నిండిపోయిందా, డిస్కు ఎప్పుడూ నూటికి నూరు చూపిస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల జాబితా కూడా అక్కడే ఉంటుంది. అక్కర్లేని వాటిని ఆపండి. సీ డ్రైవ్ గొంతుదాకా నిండి ఉంటే వాట్సాప్ వీడియోలు తీసి వేరే చోట పెట్టండి. చాలా కంప్యూటర్లు ఇంతటితోనే తేరుకుంటాయి.

డిస్కు లోపల టక్ టక్ మని చప్పుడు వస్తోందంటే మాత్రం జాగ్రత్త. అది ప్రాణం పోయేముందు కొట్టుకునే గుండె. అప్పుడు ఫార్మాట్ కాదు, ముందు కాపీ చేసుకోవడం ఫర్జ్ అనుకోండి.

రెండో మాట. లోపలేముందో చూసుకోవడం. "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డీ లో ఉన్నవి ఎక్కడికీ పోవు" అని దుకాణంలో భరోసా ఇస్తారు. అబద్ధం కాదు. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించేవి, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. మనవాళ్లు ముఖ్యమైనవన్నీ పెట్టేది కళ్ల ముందు ఉంటుందని డెస్క్‌టాప్ మీదే! మా అబ్బాజాన్ కూడా అక్కడే పెట్టారు.

విండోస్‌లోనే రీసెట్ చేసుకునే దారి ఉంది. అందులో "నా ఫైళ్లు ఉంచు" అనే మాట కూడా ఉంటుంది. మంచి సౌకర్యమే. అయితే అది ఫైళ్లను ఉంచుతుంది గానీ, మనం వేసుకున్న ప్రోగ్రాములను తీసేస్తుంది. అను పోతుంది, ఇన్‌పేజ్ పోతుంది. ఫైళ్లు ఉన్నా చదవలేం. అంటే మా ఇంటి కథే మళ్లీ. కాబట్టి ఆ ప్రోగ్రాములు ఇంకా నడుస్తుండగానే ప్రతి ముఖ్యమైన ఫైలును పీడీఎఫ్‌గా ఒకటి, యూనికోడ్‌లోకి మార్చి ఒకటి దాచుకోండి. అను నుంచి యూనికోడ్‌కు, ఇన్‌పేజ్ నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒకసారి చదివి చూసుకోవాలి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. యూనికోడ్‌లో పెడితే ఇక ఫాంటుతో తక్లీఫ్ లేదు. ఫోనులోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే, ఉర్దూ ఉర్దూగానే కనబడుతుంది.

కాపీలు రెండు ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంటి బయట, అంటే చెల్లెలి ఇంట్లోనో, అత్తగారింట్లోనో. రెండూ ఒకే బీరువాలో ఉంటే ఒక కాపీ ఉన్నట్టే. "అంతా గూగుల్‌లో ఉంటుంది కదా మామూ" అంటారు పిల్లలు. గూగుల్ ముఫ్త్‌గా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. అదీ కాక, ఎవరో ఒకరు ఎక్కిస్తేనే కదా అందులో ఉండేది? పాత డబ్బాలోని షజ్రా తనంతట తాను ఎక్కదు.

నాకు తెలిసిన మేలైన నుస్ఖా ఒకటి చెప్తాను. డబ్బు పెట్టగలిగితే పాత హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయించనే వద్దు. కొత్తగా ఒక ఎస్ఎస్‌డీ కొని, విండోస్ దానిలో వేయించండి. తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కుకూ దీనికీ వేగంలో జమీన్ ఆస్మాన్ ఫరఖ్. పాత డిస్కును తీసి, పేరు రాసి, బట్టలో చుట్టి దాచండి. ఏదైనా మర్చిపోయి ఉంటే అందులో దొరుకుతుంది. ఒకవేళ పొరపాటున ఫార్మాట్ అయిపోయిందని తెలిస్తే, ఆ క్షణమే కంప్యూటర్ ఆపేయండి. పాత హార్డ్ డిస్కులో మామూలు ఫార్మాట్ వల్ల డేటా వెంటనే చెరిగిపోదు, దాని మీద కొత్తది రాసిన కొద్దీ పోతుంది. మేం మూడేళ్లు వాడాం. ఇక ఏం మిగులుతుంది?

మూడో మాట క్రాక్ గురించి. ఫార్మాట్ కొట్టాక దుకాణంలో దొంగ విండోస్ వేసి, అది నిజమైనదని నమ్మించే ఒక చిన్న ప్రోగ్రాము నడుపుతారు. దాని కోసం యాంటీ వైరస్ ఆపమంటారు. అప్‌డేట్లు వస్తే గుట్టు బయటపడుతుందని, కంప్యూటర్ స్లో అవుతుందని వాటినీ ఆపేస్తారు. తాళం పగలగొట్టిన మనిషికే ఇంటి కాపలా అప్పగించినట్టు! హలాల్ హరామ్ సంగతి ఎవరి మనసుకు వారు జవాబు చెప్పుకుంటారు. దాని నష్టం మాత్రం దునియాలోనే కనబడుతుంది.

2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ లోకమంతా పాకింది. ఫైళ్లకు తాళాలు వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టమంది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ జిల్లాల్లో మన గుంటూరూ ఉంది. ఆ వైరస్ దూరే కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బచాయించారు, వేసుకోనివాళ్లు చిక్కారు. పోలీసుల కంప్యూటర్లకే ఆ గతి పడితే, అప్‌డేట్లు మూసేసిన మన ఇంటి కంప్యూటర్ ఏపాటి?

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. లాప్‌టాప్ కొన్నప్పుడు దానితో విండోస్ వచ్చి ఉంటే, ఆ ఖరీదు మీరు అప్పుడే కట్టేశారు. గత పదేళ్లలో వచ్చిన అలాంటి లాప్‌టాప్‌లలో లైసెన్స్ తాళం మదర్‌బోర్డులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్‌ను ముఫ్త్‌గా పెన్ డ్రైవ్‌లోకి దించుకుని వేస్తే, అదే గుర్తుపట్టి యాక్టివేట్ అవుతుంది. క్రాక్ అక్కర్లేదు. మన సొంత ఇంట్లోకి మనమే దొంగదారిన దూరడం ఎందుకు? కొత్త లాప్‌టాప్ అయితే ముందు బిట్‌లాకర్ రికవరీ తాళం ఎక్కడుందో చూసి రాసుకోండి, లేకపోతే మన తలుపే మనకు తెరుచుకోదు.

ఇప్పుడు మళ్లీ 2014 నాటి పరిస్థితే వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. "ఇది పనికిరాదు, కొత్తది కొనండి" అనే మాట మన ఇళ్లలో మళ్లీ వినబడుతోంది. కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. మిర్చి ధర పడిపోయిన ఏడాది అందరికీ అది సాధ్యమా? తొందరేం లేదు. విండోస్ 10 వాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు ఇంకొక ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా వచ్చే ఏర్పాటు ఉంది. బాగా పాత మిషన్ అయితే లినక్స్ మింట్ లాంటిది ముఫ్త్‌గా వేసుకోవచ్చు. ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి, నచ్చితేనే వేసుకోవచ్చు. లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. పిల్లల చదువుకు, ఉత్తరాలకు అది చాలు. టాలీలో లెక్కలు రాసే దుకాణానికి మాత్రం సరిపోదు, అను కూడా అందులో సూటిగా నడవదు. ఉన్నమాట చెప్పుకోవాలి.

దుకాణం కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. కొన్ని వందలిచ్చి "గంటలో కావాలి" అని మనమే కూర్చుంటాం. కాపీలు చేయడానికి పట్టే సమయానికి పైసా ఇవ్వం. దాదాకు పరుపు ఏకినందుకు రోజు కూలి ఇచ్చేవారు, గంట కూలి కాదు. మనం కూడా "ముందు అన్నీ కాపీ చెయ్యి బేటా, దానికి వేరే ఇస్తాను" అని అడిగితే ఎందుకు చేయరు? దుకాణం నడిపే తమ్ముళ్లకూ నా గుజారిష్ ఇదే. గిరాకీ తొందరపెట్టినా ఆ ఒక్క ప్రశ్న అడగండి.

ఇంకొక మాట మన ఇళ్లలో పైకి అనుకోరు గానీ అందరికీ ఉన్న ఫికర్. కంప్యూటర్‌లో ఆడపిల్లల ఫోటోలు, షాదీ వీడియోలు, బ్యాంకు పాస్‌వర్డులు ఉంటాయి. దాన్ని తెలియని చోట రాత్రంతా వదిలి రావాలంటే మనసొప్పదు. ఆ భయంతో కొందరు పాడైన లాప్‌టాప్‌ను అటకెక్కించేస్తారు. పిల్ల చదువు ఆగిపోతుంది. దీనికి ఇలాజ్ ఒక్కటే. ఈ హునర్ ఇంట్లోనే నేర్చుకోవాలి, ముఖ్యంగా ఆడపిల్లలు నేర్చుకోవాలి. పరుపు కుట్టు తెంపి మళ్లీ కుట్టగలిగిన చేతులకు ఇదేం కష్టం కాదు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పోయిన రంజాన్‌లో మా అమ్మీ లాప్‌టాప్‌కు తనే ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ వేసింది. స్క్రూలు తీసే ముందు దాదీ దగ్గరకు వెళ్లి, "దాదీ, ఇందులో నీవేమున్నాయి?" అని అడిగింది. అమ్మీ ఏం లేదంది. తర్వాత కాసేపు ఆగి, అబ్బాజాన్ హాస్పిటల్‌లో ఉన్నప్పుడు ఫోన్లో తీసిన రికార్డింగు ఒకటి ఎక్కడో పెట్టానంది. వెతికితే దొరికింది. రెండు నిమిషాలు. అందులో ఆయన ఏమీ పెద్ద మాటలు చెప్పలేదు. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పమన్నారు.

ఈ జుమా రోజు భోజనాలయ్యాక ఒక గంట తీయండి. ఇంట్లోని పాత డబ్బా తెరిచి, లోపలేముందో పెద్దవాళ్లను అడగండి. గజిబిజిగా కనిపించే ఫైలు ఏదైనా ఉంటే తీసేయకండి. తెలిసినవాళ్లకు చూపించేదాకా దాన్ని అలాగే ఉంచండి.